అమ్మ అన్నదన్న మాటలు

పోయిన వారం మనం పిచ్చుకను కోర్టు వరండాలో బెంచీ మీద వదిలి వచ్చాం. కొత్త చెప్పులు కరుస్తుంటే మడమలు తడుముకుంటూ, తన పిలుపు కోసం చూస్తోంది. ఆ తలుపు వెనక తేలవలసింది ఒక్కటే సంగతి. ఆమె పదమూడేళ్ల కూతురు వచ్చి తల్లి దగ్గర ఉండవచ్చునా, కూడదా.

పిచ్చుక అన్నది అక్క పెట్టిన పేరు. చిన్నప్పుడు కంచం ముందు కూర్చుని గింజలు ఏరుకున్నట్టు తినేదని అలా పిలిచింది. అసలు పేరు కాగితాల్లో మిగిలింది, పిచ్చుక మనిషికి మిగిలింది. పాప కడుపులో ఉండగానే మొగుడు ఇంకో కాపురం వెతుక్కున్నాడు. పుట్టింది ఆడో మగో తెలుసుకోవడానికి కూడా కబురు చేయలేదు. పాప బడికి వెళ్లే వయసు వచ్చాక, దాన్ని అక్క చేతిలో పెట్టి పిచ్చుక సముద్రాలు దాటి వచ్చింది. కట్టుడు పళ్లు తయారుచేసే ఒక చిన్న వర్క్‌షాపులో పని. మైనంతో చిగుళ్లు మలచడం, పళ్లు ఒక్కొక్కటే అమర్చడం, చక్రం మీద మెరుగు పెట్టడం. పళ్లూడగొట్టుకోవడానికి ఏ రాయైతేనేం అనే మాటను ఒకసారి తర్జుమా చేసి చెబితే, అలాంటి రాళ్ల వల్లే మన కొట్టు నడుస్తోంది అని నవ్వాడు వర్క్‌షాపు ముసలాయన. ఆ దేశంలో ఆమె ఒకరిని నవ్వించిన సందర్భాల్లో అదొకటి. ఎక్కువ లేవు.

ఏళ్ల తర్వాత అక్కడ స్థిరంగా ఉండే అనుమతి వచ్చింది. వెంటనే పాపకోసం దరఖాస్తు పెట్టింది. కాదన్నారు. డబ్బు పంపే చెయ్యి వేరు, పెంచే చెయ్యి వేరు, ఈ పిల్లను పెంచుతున్నది పెద్దమ్మ, కాబట్టి పిల్ల ఉండవలసింది అక్కడే అన్నది వాళ్లు చెప్పిన కారణం. దాని మీదే ఈ అప్పీలు.

లోపలికి పిలిచారు.

కోర్టంటే పిచ్చుక ఊహించుకున్న ఎత్తు కుర్చీలూ బోనులూ ఏమీ లేవు. ఏదో ఆఫీసులో మీటింగులు పెట్టుకునే గదిలా ఉంది. పొడవాటి బల్ల, నీళ్ల జగ్గు, కాగితపు గ్లాసులు, గోడకు పెద్ద తెర. జడ్జి ఆడమనిషి, కళ్లద్దాలు గొలుసుతో మెడలో వేలాడుతున్నాయి. ప్రభుత్వ ప్లీడరుకు జలుబు చేసింది. తుమ్మినప్పుడల్లా అందరికీ క్షమాపణ చెబుతున్నాడు. అతన్ని చూసి భయపడదామని వచ్చిన పిచ్చుకకు భయం వేయలేదు.

ఆమెకు అక్కడి భాష వచ్చు. అయినా నేర్చుకున్న భాషలో మాట జారుతుంది, పుట్టిన భాషలో చెప్పమని ఆమె తరఫు లాయరమ్మ సలహా ఇచ్చింది. అందుకని ఒక దుబాసీని పెట్టారు. పెద్దాయన. ఎప్పుడో కుర్రతనంలో ఊరు వదిలినవాడు, వచ్చేటప్పుడు మన భాషను పాఠ్యపుస్తకంలో పెట్టి తెచ్చుకున్నట్టున్నాడు. ‘తమరి పుత్రిక’ అని ఆయన మొదటిసారి అన్నప్పుడు, ఎవరి గురించా అని పిచ్చుక వెనక్కి తిరిగి చూసింది.

ప్లీడరు అడిగినవాటికి ఆమె తడుముకోకుండా జవాబులు చెప్పింది. పాపను ఏ బడిలో వేయాలో తనే తేల్చింది. ఆ బడి టీచర్లతో ఫోనులో మాట్లాడేది తనే. పాప సైకిలు తొక్కవచ్చునా, జుట్టు కత్తిరించుకోవచ్చునా, స్నేహితురాలి ఇంట్లో పడుకోవచ్చునా, అన్నీ ఆదివారం తన ముందుకే వస్తాయి. ఆదివారం పూట గది తలుపు గడియ పెట్టుకుని, ఫోనును పంచదార డబ్బాకు ఆనించి, దాని ముందు కూర్చుని ఆమె సంసారం చేస్తుంది. ఆ మాట ఆమె కోర్టులో అనలేదు. అయినా చెప్పిన మాటల్లోంచి ఆ గది కనబడే ఉంటుంది. జడ్జి ఒకటి రెండుసార్లు రాయడం ఆపి ఆమెవైపు చూసింది.

పిల్లకు ఒంట్లో బాగా లేనప్పుడు ఎవరు నిర్ణయిస్తారు అని అడిగాడు ప్లీడరు, ముక్కు తుడుచుకుంటూ.

“నాకు చెప్పకుండా అక్కడ మాత్ర కూడా వెయ్యరండి,” అంది పిచ్చుక. “జ్వరమొచ్చినా, పన్ను కదిలినా ముందు నాకే ఫోను. ఆసుపత్రిలో చేర్చాల్సిన పని ఇంతవరకూ రాలేదు. ఆ ఒక్క విషయంలో అదృష్టవంతురాలిని.”

దుబాసీ ఆ మాటలన్నీ పొల్లుపోకుండా అప్పజెప్పాడు. ప్లీడరు తల ఊపి రాసుకున్నాడు.

తర్వాత తెర వెలిగింది. అవతల మన ఊళ్లో ఒక వకీలుగారి గది. మధ్యలో కుర్చీ మీద అక్క. తల బిగించి దువ్వుకుని, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, ఫోటో దిగడానికి కూర్చున్నట్టు కూర్చుంది. పొద్దున పిచ్చుక ఏం చెప్పిందో ఆమెకు తెలియదు. సాక్షులు ఒకరి మాట ఒకరు వినకూడదని అంతవరకు తెర వెలిగించనే లేదు. అక్క చేత నిజం చెబుతానని ప్రమాణం చేయించారు. చెల్లెలు కనబడుతున్నా పలకరించకూడదని ఎవరో చెప్పినట్టుంది, కళ్లతో మాత్రం ఒకసారి పలకరించి జడ్జివైపు తిరిగింది.

పిల్ల మిమ్మల్ని ఏమని పిలుస్తుంది అన్నది మొదటి ప్రశ్న. పెద్దమ్మ అని చెప్పింది అక్క. దుబాసీ ఆ మాటను రెండు ముక్కలు చేసి, పెద్ద, తల్లి అని అనువదించాడు. ప్లీడరు జలుబు కూడా మరిచిపోయి తలెత్తాడు. అంటే ఇద్దరు తల్లుల్లో పెద్ద తల్లి అనా అని అడిగాడు. లాయరమ్మ లేవబోయింది కానీ ఈలోగా అక్కే జవాబు చెప్పింది.

“అమ్మకి అక్కనైతే పెద్దమ్మనేనండి. అది నేను సంపాదించుకున్న పేరు కాదు. ముందు పుట్టినందుకు వచ్చింది.”

జడ్జి పెదవుల మీద చిన్న నవ్వు కనబడింది. ప్లీడరు కూడా నవ్వి, మరి బయటివాళ్లతో పిల్ల గురించి చెప్పవలసి వస్తే ఏమంటారు అన్నాడు. మా అమ్మాయి అంటాను అంది అక్క. అక్కచెల్లెళ్ల పిల్లలను అందరూ అలాగే అంటారు, మన ఇళ్లల్లో అందులో వింత లేదు. కానీ దుబాసీ నోట ఆ మాట ‘నా కూతురు’ అయి బల్ల మీద పడింది. ఈసారి ఎవరూ నవ్వలేదు.

పిల్లకు జబ్బు చేస్తే ఎవరు నిర్ణయిస్తారన్న ప్రశ్న ఆమెకూ వచ్చింది. మామూలు జబ్బులకు చెల్లెల్ని అడుగుతామని చెప్పింది. మామూలు కానివి వచ్చాయా అని అడిగాడు ప్లీడరు. అడగాలి కాబట్టి అడిగాడు, అంతే. అతని చేయి అప్పటికే తర్వాతి కాగితం తిప్పుతోంది.

 అక్కకు వినబడలేదేమోనని దుబాసీ ప్రశ్నను మళ్లీ అడిగాడు. అక్క ఒళ్లోని చేతులు చూసుకుంది. ఒకసారి తలుపువైపు చూసింది.

“ఒకసారి ఆపరేషన్ అయిందండి. కడుపులో నొప్పి వచ్చి చుట్టలు చుట్టుకుపోయింది. పేగుకి చీము పట్టిందన్నారు. వెంటనే కొయ్యకపోతే ప్రాణానికే ముప్పన్నారు.”

సంతకం ఎవరు పెట్టారు. నేనే. తల్లికి చెప్పారా. లేదు. తర్వాతైనా చెప్పారా. లేదండి, ఈ నిమిషం దాకా చెప్పలేదు.

పిచ్చుకకు మొదట ఆ మాటలు ఇంకెవరి పిల్ల గురించో అనిపించాయి. దుబాసీ తర్జుమా చేస్తుంటే రెండోసారి విన్నది. అప్పుడు అర్థమైంది. పక్కనున్న లాయరమ్మ కలం మూతపెట్టి కింద పెట్టింది. కాసేపటి కిందట తాను ఎంత నిబ్బరంగా చెప్పింది ఆ అదృష్టం మాట. జడ్జి ఆమె ముఖం చూసి, మిగిలిన ప్రశ్నలేమైనా ఉన్నాయా అని ప్లీడరును అడిగి, లేవన్నాక, కొంతసేపు విరామం ఇచ్చింది. అక్క సాక్ష్యం ముగిసింది కాబట్టి ఆమె ఇక వెళ్లవచ్చునంది.

అందరూ లేచి వెళ్లారు. లాయరమ్మ ఎవరితోనో ఫోనులో మాట్లాడడానికి బయటికి పరుగెత్తింది. తెర ఆర్పడం కోర్టు గుమాస్తా మరిచిపోయాడు. అవతల అక్క కూడా లేవలేదు. ఇవతల గదిలో పిచ్చుక, మూలన దుబాసీ మిగిలారు. ఆయన ఇద్దరినీ చూసి, నేను వినకపోవడమే మంచిది తల్లీ అని, ఆ రోజుకు మొదటిసారి మామూలు మాట మాట్లాడి, తలుపు మూసి వెళ్లిపోయాడు.

“ఎప్పుడు?” అంది పిచ్చుక.

“పోయిన వానాకాలం. గట్టిగా మాట్లాడకు, పాప బయట బెంచీ మీద ఉంది. ఇక్కడ తలుపు సరిగ్గా పడదు.”

పోయిన వానాకాలం. ఫోనులో కెమెరా పాడైందని పాప కొన్ని వారాలు గొంతు మాత్రమే వినిపించిన రోజులు. గొంతు నీరసంగా ఉందేమిటే అంటే, పరీక్షలకు చదివి చదివి అంది. చదివితే మార్కులు రావాలి గానీ గొంతు పోవడమేమిటని పిచ్చుక వేళాకోళం చేసింది. పాప నవ్వబోయి ఆపుకుంది. కుట్లు లాగి ఉంటాయి. ఆ వారాల్లో తను ఏం చేసింది? వర్క్‌షాపుకు వెళ్లింది, వచ్చింది, ఆ గదిలో ఒక్కతే అన్నం వండుకుని తిన్నది, హాయిగా నిద్రపోయింది. తన బిడ్డ పొట్ట కోసి కుట్టిన రాత్రి కూడా హాయిగానే నిద్రపోయి ఉంటుంది. కన్నపేగు కదులుతుందంటారే, ఏమీ కదలలేదు. అదే ఆమెకు అన్నిటికన్నా పెద్ద దెబ్బయింది.

“నన్నెందుకు చచ్చినదానికింద జమకట్టావక్కా?”

“అంతంత మాటలనకు. అప్పుడు నీ అనుమతి మధ్యలో ఉంది. దేశం దాటితే మొదటికొస్తుందని నువ్వే చెప్పావు. చెప్తే ఆగేదానివా? వచ్చేసేదానివి. అన్నేళ్లు పడ్డదంతా గంగలో కలిసేది.”

“రావాలో వద్దో నేను తేల్చుకునేదాన్ని.”

“అదే. ఆ తేల్చుకోవడం నీ నెత్తిన పెట్టబుద్ధి కాలేదు. వస్తే ఒక ఏడుపు, రాకపోతే జన్మంతా ఏడుపు.”

“నా కోసం అడిగిందా అది?”

 “అడిగింది. లోపలికి తీసుకెళ్లేముందు అడిగింది. అమ్మకిప్పుడొద్దు, లేచాక మనమే చెబుదామన్నాను. లేచాక అదే వద్దంది.”

పిచ్చుక తెరకు దగ్గరగా వెళ్లి నిలబడింది. దగ్గరికి వెళ్లేకొద్దీ అక్క ముఖం చుక్కలు చుక్కలుగా విడిపోయింది. మళ్లీ ఒక అడుగు వెనక్కి వేసింది. మరి ఇన్నాళ్లు దాచినదానివి ఇవాళ ఎందుకు బయటపెట్టావని అడిగింది. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. ఆగలేకపోయింది.

“అది నీ దగ్గరే ఉండిపోవాలనా?”

అక్కకు పిల్లలు లేరు. ఆ మాట ఇద్దరి మధ్యా ఏనాడూ రాలేదు. ఇవాళ రాకుండానే వచ్చినట్టయింది. అక్క ఏడుస్తుందనుకుంది పిచ్చుక. ఏడవలేదు.

“ఆ ఆలోచన లేదంటే అబద్ధం,” అంది. “ప్రమాణం చేయించారు, నిజం చెప్పాలనుకున్నాను. అది వెళ్లిపోతే ఇల్లెలా ఉంటుందో, అదీ ఉంది మనసులో. రెండూ ఉన్నాయి. ఏది నా నోరు తెరిపించిందో నాకే తెలీదే పిచ్చుకా. తెలిస్తే చెప్పేదాన్ని.”

 ఈ కష్టం వచ్చిందని చెప్పుకోవాలన్నా, ఈ కష్టం తెచ్చావని తిట్టాలన్నా పిచ్చుకకు ఉన్నది ఒకే మనిషి. ఆ మనిషి గోడ మీద వెలుగులో, చేతికి అందకుండా కూర్చుని ఉంది.  అవతల ఎవరో తలుపు తట్టేదాకా ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటూ ఉండిపోయారు.

విరామం ముగిసింది. లాయరమ్మ వస్తూనే పిచ్చుక చెవిలో ఉన్నమాట చెప్పింది. తెలియక పొరబడడం వేరు, అబద్ధం చెప్పడం వేరు. నువ్వు తెలియక చెప్పావని జడ్జికి అర్థమైంది, నీ మీద నమ్మకం పోలేదు. కానీ అసలైన సమయంలో నిర్ణయం అక్కదే అని తేలింది కాబట్టి కేసు బలం తగ్గింది. ఇంకా పూర్తిగా పోలేదు. ఉన్న నమ్మకాన్ని పోగొట్టుకోకుండా ఉంటే చాలు.

జడ్జి అద్దాలు మెడలోకి జారవిడిచి, ఈ పరిస్థితిలో పిల్లతో తాను రెండు మాటలు మాట్లాడదలచుకున్నానని చెప్పింది. పిల్ల చేత ప్రమాణం చేయించనక్కర్లేదు, ఉన్నది ఉన్నట్టు చెబితే చాలు, ఇష్టం లేకపోతే చెప్పనక్కర్లేదు. రెండు వైపులా అభ్యంతరం లేదన్నారు.

పాప వచ్చి కుర్చీలో కూర్చుంది. అక్క వెనకాల నిలబడింది. బడి బట్టల్లోనే వచ్చింది, జడలు బిగించి వేసి ఉన్నాయి. పిచ్చుక కోటు వేసుకుని ఉండగా పాప ఎప్పుడూ చూడలేదు. ముందు గుర్తుపట్టనట్టు చూసి, తర్వాత చిన్నగా చెయ్యి ఊపింది. పిచ్చుక కళ్లు పాప పొట్ట దగ్గరే ఆగిపోయాయి. బట్ట మీద నుంచి ఏం కనబడుతుంది.

బడి గురించి, స్నేహితుల గురించి జడ్జి నెమ్మదిగా అడిగింది. పాప చక్కగా చెప్పింది. ఆసుపత్రికి వెళ్లిన రోజు సంగతి గుర్తుందా అని అడగగానే నోరు మూసుకుంది. దుబాసీ మరోసారి అడగబోతుంటే, వెనక్కి తిరిగి, “పెద్దమ్మా, నువ్వు కాసేపు బయటికెళ్లవా?” అంది.

అక్కను ఆ పిల్ల ఏ గదిలోంచీ ఏనాడూ పొమ్మనలేదు. ఆమె ముఖంలో అది కనబడింది. అయినా వెళ్లింది. తలుపు మూతపడేదాకా పాప చూసింది. అది సరిగా పడదు కాబట్టి, లేచి వెళ్లి కుర్చీ ఒకటి అడ్డం పెట్టి మరీ వచ్చింది.

“పెద్దమ్మకి తెలీదండి,” అంది పాప. “అమ్మకి ఆపరేషన్ సంగతి అప్పుడే తెలుసు. నేనే చెప్పాను.”

ఇవతల గదిలో ప్లీడరు ముక్కు దగ్గరికి తీసుకెళ్తున్న రుమాలు మధ్యలో ఆగిపోయింది. దుబాసీ అనువదించేలోపే పిచ్చుకకు సంగతి తెలిసిపోయింది. తలుపు పక్కన కూర్చుని పిల్ల అక్కడి మాటలన్నీ విన్నది. పెద్దమ్మ మాట వల్ల అమ్మకు నష్టం జరిగిందని దానికి అర్థమైంది. కానీ పొద్దున అమ్మ ఏం చెప్పిందో దానికి తెలియదు.

ఎలా చెప్పావని అడిగింది జడ్జి. నర్సు దగ్గర ఫోను అడిగి తీసుకున్నానంది పాప. నాకు భయంగా ఉందమ్మా, కోస్తారంట అని చెప్పాను. అమ్మ చేయించుకోమంది. అమ్మ సరేనన్నాకే నేను సరేనన్నాను. పెద్దమ్మ కంగారు పడుతుందని ఇద్దరం చెప్పలేదు.

అమ్మ ఇంకేమంది?

పాప ఈ ప్రశ్నకు ఆలోచించుకోలేదు. అంతా సిద్ధంగా ఉన్నట్టు చెప్పుకుపోయింది.

“సూది చీమ కుట్టినట్టే ఉంటుంది, కళ్లు గట్టిగా మూసుకోకు, గట్టిగా మూసుకుంటే నొప్పి ఎక్కువ తెలుస్తుంది అంది. లేచాక నీళ్లు ఇవ్వరు, అడిగి ఏడవకు, తడిగుడ్డతో పెదాలు తుడవమను అంది. నువ్వు లేచేసరికి నీ చెయ్యి నా చేతిలోనే ఉంటుంది, నేనెక్కడికీ పోను అంది.”

చీమ కుట్టినట్టే ఉంటుంది, కళ్లు గట్టిగా మూసుకోకు. పిచ్చుక ఆ మాటలు ఎరుగును. చెవులు కుట్టించిన రోజు తన తల ఒళ్లో పెట్టుకుని అక్క అన్న మాటలు అవే. తమ అమ్మ చిన్నప్పుడే పోయిన ఆ ఇంట్లో అలాంటి మాటలు చెప్పడానికి ఉన్నది అక్కే. ఆ వానాకాలం ఆసుపత్రిలో పాప తల దగ్గర కూర్చుని అవన్నీ అన్నది అక్క. చెయ్యి పట్టుకుని ఉన్నది అక్క. పెద్దమ్మ మాటలు ఒక్కొక్కటే తీసి పాప అమ్మ నోట్లో పెడుతోంది. పెద్దమ్మ ఎదురుగా ఉండగా ఆ పని చెయ్యలేక ఆమెను బయటికి పంపింది.

దుబాసీ తర్జుమా చేయడం పూర్తిచేశాడు.  జడ్జి అద్దాలు పెట్టుకుని తన ముందున్న కాగితం చూసింది, పిచ్చుకను చూసింది. లాయరమ్మ బల్ల కింద పిచ్చుక మణికట్టు పట్టుకుంది. అవునంటే పొద్దున తను చెప్పింది అబద్ధమవుతుంది, మిగిలిన కాస్త నమ్మకమూ పోతుంది. కాదంటే, బిడ్డ అందరి ముందూ అబద్ధాలకోరవుతుంది. అమ్మ ఎప్పుడూ అనని మాటలను అమ్మ అన్నట్టుగా అది అన్ని నెలలుగా దాచుకుని ఉంటే, అవి అనలేదని ఆ బిడ్డ ముఖం మీద చెప్పవలసినది తనే అవుతుంది.

ఆ రోజు మీ అమ్మాయి మీతో మాట్లాడిందా అని జడ్జి నేరుగా పిచ్చుకనే అడిగింది. దుబాసీ కోసం ఆగనక్కర్లేదు, ఆమెకు అర్థమైంది. లేచి నిలబడింది.

తెర మీద పాపకు ఆ భాష రాదు. జడ్జి ఏమడిగిందో దానికి తెలియదు. తల్లి ముఖం ఒక్కటే చూస్తోంది. తల్లి పెదవులు కదలకపోవడం చూసి కుర్చీ అంచుకు జరిగింది.

“చెప్పమ్మా,” అంది. “నువ్వన్నావుగా.”